గోల్ ఘర్‌లో పెళ్లి: ముహూర్తం ఏ ఊరి లెక్క?

శుభలేఖలో అందరి కళ్లూ ముందుగా వెతికేది ఒక్క సమయాన్నే. వంటవాళ్లు పొయ్యి వెలిగించే వేళ, పెళ్లికూతురి అలంకరణ, మేళగాళ్ల రాక, మేనమామ గంప ఎత్తే క్షణం, మొదటి బంతి భోజనాలు అన్నీ ఆ సమయం నుంచి వెనక్కో ముందుకో లెక్క కట్టుకునేవే. అది అరగంట తప్పుగా పడితే? మిగతా పట్టిక ఎంత జాగ్రత్తగా వేసినా తప్పే అవుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ ప్రమాదం చిన్నది. అండమాన్‌లో పెద్దది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వీరిలో చాలా కుటుంబాల మూలాలు శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల్లో ఉన్నాయి. పెళ్లి దీవుల్లో జరిగినా ముహూర్తం తరచుగా సొంతూరి పురోహితుడే పెడతారు. పంచాంగమూ అక్కడినుంచే వస్తుంది. రాజధాని నగరం పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆ నగరంలోని గోల్ ఘర్ ప్రాంతంలో ఒక తెలుగు ఇంట పెళ్లి జరుగుతోందని అనుకుందాం. అమ్మాయి తరఫువాళ్లు అక్కడే ఉంటారు. అబ్బాయి తరఫువాళ్లు విశాఖ నుంచి వస్తారు. విశాఖలో పెట్టిన ముహూర్తం ఫిబ్రవరి 11 ఉదయం 9:12. ఈ సమయాన్ని ఉన్నదున్నట్టు గోల్ ఘర్ పందిట్లో పాటించవచ్చా?

ముహూర్తం మంచి ఫలితమిస్తుందా లేదా అన్నది విశ్వాసానికి సంబంధించిన విషయం. సైన్స్ దాన్ని నిరూపించలేదు. అయితే ముహూర్తాన్ని లెక్కించే పద్ధతి మాత్రం ఖగోళ గణితం. ఆ లెక్కను నమ్మి పెళ్లి చేసుకునేవారు దాన్ని సరైన ఊరికి కట్టించుకోవడం సబబు. నమ్మకం లేనివారికి కూడా ఇదే లెక్క ఎండ, వెలుతురు, భోజనాల వేళలు నిర్ణయించుకోవడానికి పనికొస్తుంది.

ఒకే గడియారం, వేర్వేరు ఉదయాలు

భూమి తన చుట్టూ తాను ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. అందుకే తూర్పుకు ఒక్కో డిగ్రీ జరిగేకొద్దీ సూర్యుడు 4 నిమిషాలు ముందుగా నడినెత్తికి వస్తాడు. భారత ప్రామాణిక సమయానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ దగ్గరగా వెళ్లే ఈ రేఖ మన కాకినాడకూ దగ్గరగానే సాగుతుంది. శ్రీ విజయపురం సుమారు 92.74 డిగ్రీల వద్ద ఉంది. తేడా 10 డిగ్రీల పైచిలుకు, అంటే 41 నిమిషాలు. గడియారం పన్నెండు కొట్టడానికి 41 నిమిషాల ముందే, సగటున 11:19కి, అక్కడ మిట్టమధ్యాహ్నం అయిపోతుంది.

ఊళ్ల మధ్య తేడా ఇంకా స్పష్టంగా ఉంటుంది. రేఖాంశాన్ని బట్టి శ్రీ విజయపురం విశాఖ కంటే 38 నిమిషాలు, విజయవాడ కంటే 48 నిమిషాలు, హైదరాబాద్ కంటే 57 నిమిషాలు ముందుంటుంది. మరి విశాఖ సమయంలోంచి 38 నిమిషాలు తీసేస్తే సరిపోతుందా? సరిపోదు. శ్రీ విజయపురం తూర్పున ఉండటమే కాదు, విశాఖ కంటే 6 డిగ్రీలు దక్షిణాన కూడా ఉంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ ఏడాది పొడవునా పగటి నిడివిలో మార్పు తగ్గుతుంది.

అందుకే రెండు ఊళ్ల మధ్య తేడా కాలాన్ని బట్టి మారుతుంది. ఫిబ్రవరి 11న విశాఖలో సూర్యోదయం సుమారు 6:26కి, శ్రీ విజయపురంలో 5:42కి. తేడా 44 నిమిషాలు. అదే రోజు సూర్యాస్తమయాలు 5:56, 5:25. తేడా 31 నిమిషాలే. మే 10న ఇది తారుమారవుతుంది. విశాఖలో 5:26కి తెల్లవారితే శ్రీ విజయపురంలో 4:57కే తెల్లవారుతుంది, తేడా 29 నిమిషాలు. సాయంత్రం విశాఖలో 6:20కి పొద్దుగూకితే శ్రీ విజయపురంలో 5:34కే గూకుతుంది, తేడా 46 నిమిషాలు. మాఘమాసపు పెళ్లికి పనికొచ్చిన సవరణ వైశాఖమాసపు పెళ్లికి పనికిరాదు.

పట్టికలో మూడు రకాల సమయాలు

పెళ్లిరోజు పట్టిక వేసేముందు అందులోని సమయాలను మూడు రకాలుగా విడదీసుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది.

మొదటిది, భూమంతటికీ ఒకేసారి జరిగేవి. తిథి, నక్షత్రం ఈ కోవలోకి వస్తాయి. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి పూర్తవుతుంది. దీన్ని భూమి కేంద్రం నుంచి చూసినట్టు లెక్కిస్తారు. కాబట్టి దశమి ఫలానా క్షణంలో ముగిసిందంటే విశాఖలోనూ గోల్ ఘర్‌లోనూ అదే క్షణంలో ముగుస్తుంది. రెండు చోట్లా ఒకే ప్రామాణిక సమయం కాబట్టి గడియారంలోనూ అదే అంకె కనిపిస్తుంది. వర్జ్యాన్ని నక్షత్రపు నిడివి నుంచి లెక్కిస్తారు కాబట్టి దానికీ ఇదే సూత్రం. ఈ సమయాలను మార్చకూడదు. అన్నిటిలోంచీ గంపగుత్తగా అరగంట తీసేసేవారు పొరబడేది ఇక్కడే.

రెండవది, ఊరిని బట్టి మారేవి. సూర్యోదయం, సూర్యాస్తమయం, లగ్నం, దుర్ముహూర్తం, రాహుకాలం. పగటిని 15 భాగాలు చేసి దుర్ముహూర్తాన్ని, 8 భాగాలు చేసి రాహుకాలాన్ని నిర్ణయిస్తారు. క్యాలెండర్ల మీద ఆదివారం రాహుకాలం సాయంత్రం 4:30 నుంచి 6 వరకు అని అచ్చవుతుంది. ఉదయం ఆరుకు తెల్లవారి సాయంత్రం ఆరుకు పొద్దుగూకే ఊహాజనితమైన రోజుకు అది సరిపోతుంది. డిసెంబరు 21 ప్రాంతంలో శ్రీ విజయపురంలో సూర్యుడు 5:34కి ఉదయించి 5:00కే అస్తమిస్తాడు. అక్కడ పగటి చివరి ఎనిమిదో భాగం సుమారు 3:34కి మొదలై 5 గంటలకు ముగుస్తుంది. క్యాలెండర్ చెప్పే సమయంలో మూడింట రెండు వంతులు రాత్రిలో పడుతుంది.

మూడవది, గడియారాన్ని బట్టి నడిచేవి. విమానం, ఓడ, కళ్యాణమండపం అద్దె వేళలు, బస్సులు. వీటికి సూర్యుడితో పని లేదు. టికెట్టు మీద ఏ అంకె ఉంటే అదే.

మొదటి రకానికీ రెండవ రకానికీ ముడిపడే చోట చిత్రమైన సంగతి జరుగుతుంది. మన పంచాంగంలో సూర్యోదయానికి ఉన్న తిథే సాధారణంగా ఆ రోజు తిథి. మే నెలలో ఒక రోజు దశమి ఉదయం 5:10కి ముగుస్తుందనుకోండి. శ్రీ విజయపురంలో అప్పటికి సూర్యోదయమై 13 నిమిషాలు గడిచింది, కాబట్టి ఆ రోజు దశమి. విశాఖలో ఇంకా తెల్లవారలేదు. అక్కడ సూర్యుడు ఉదయించేసరికి ఏకాదశి వచ్చేసింది. ఒకే దేశం, ఒకే తేదీ, ఒకే గడియారం, అయినా రెండు తిథులు. వారం విషయంలోనూ ఇంతే. పంచాంగంలో వారం మారేది అర్ధరాత్రి కాదు, సూర్యోదయానికి. ‘తెల్లవారితే ఆదివారం’ అని శుభలేఖలో రాసేది ఇందుకే. ఆ తెల్లవారడం ఏ ఊళ్లో అన్నది కూడా చూసుకోవాలి.

లగ్నం లెక్క

ఇక అసలు ప్రశ్న. తూర్పు క్షితిజంపై ఆ క్షణంలో ఉదయిస్తున్న రాశే లగ్నం. భూమి ఒకసారి తిరిగేలోపు పన్నెండు రాశులూ ఉదయిస్తాయి కాబట్టి ఒక్కో లగ్నం సగటున రెండు గంటలు ఉంటుంది. క్రాంతివృత్తం క్షితిజాన్ని తాకే వాలును బట్టి కొన్ని రాశులు త్వరగా, కొన్ని నెమ్మదిగా పైకొస్తాయి. మన అక్షాంశాల్లో మీనం దాదాపు గంటా నలభై నిమిషాల్లో గడిచిపోతుంది. నక్షత్రాలను బట్టి చూస్తే భూభ్రమణం 23 గంటల 56 నిమిషాల్లోనే పూర్తవుతుంది కాబట్టి ఒకే లగ్నం రోజురోజుకూ 4 నిమిషాలు ముందుకు జరుగుతుంది కూడా.

ఫిబ్రవరి 11 ఉదయం 9:12కి విశాఖ తూర్పు క్షితిజంపై ఉదయించేది మీనరాశిలో సుమారు 18వ డిగ్రీ. ఇదే డిగ్రీ గోల్ ఘర్‌లో ఎప్పుడు ఉదయిస్తుంది? రేఖాంశాన్ని బట్టి 38 నిమిషాలు ముందు. దక్షిణాన ఉన్నందుకు అక్షాంశ సవరణ 2 నిమిషాలు వెనక్కి. మొత్తం మీద దాదాపు 36 నిమిషాలు ముందు, అంటే 8:36కి.

మరి శుభలేఖలో 9:12 అనే అచ్చయితే? ఆ సమయానికి గోల్ ఘర్‌లో మీనలగ్నం చివరికొచ్చేసి ఉంటుంది. కొద్ది నిమిషాల్లోనే మేషం మొదలవుతుంది. పీటల మీద పది నిమిషాలు ఆలస్యమైతే జీలకర్ర-బెల్లం పడేది మరో లగ్నంలో. సముద్రం దాటి వచ్చిన రెండు కుటుంబాలు దేనికోసమైతే అంత జాగ్రత్తపడ్డాయో అదే జారిపోయిందన్నమాట.

గడియలకు ఈ ఇబ్బంది లేదు

పాతకాలంలో ఈ సమస్య ఇంతగా రాలేదు. అప్పట్లో లగ్నానికి కొలత గంటలు కాదు, గడియలు. ఒక గడియ 24 నిమిషాలు, రోజుకు 60 గడియలు, రెండు గడియలు ఒక ముహూర్తం. లెక్క మొదలయ్యేది ఆ ఊరి సూర్యోదయం నుంచి. అడుగున సన్నని రంధ్రం ఉన్న గిన్నెను నీళ్ల మీద తేలనిస్తే అది నిండి మునగడానికి సరిగ్గా ఒక గడియ పట్టేలా తయారుచేసేవారు. గడియారం అన్న మాటలోనే ఆ గడియ ఉంది. పెళ్లి జరిగే చోటనే సూర్యుణ్ని చూసి గిన్నె వేస్తే రేఖాంశపు సవరణ దానంతటదే జరిగిపోయేది.

రైళ్లు, టెలిగ్రాఫ్ వచ్చాక ఊరూరి సమయంతో పని సాగలేదు. 1906 జనవరి 1 నుంచి భారత ప్రామాణిక సమయం అమల్లోకి వచ్చింది. అయినా కలకత్తా తన సొంత సమయాన్ని 1948 వరకు వదల్లేదు. అస్సాం తేయాకు తోటల్లో ఇప్పటికీ ‘బాగాన్ సమయం’ పేరుతో గడియారాన్ని గంట ముందుకు పెట్టి పనిచేసే అలవాటు ఉంది. అండమాన్‌కు ఉత్తరాన ఉన్న కోకో దీవులు మయన్మార్‌వి. అక్కడి గడియారం మనకంటే గంట ముందుంటుంది, సూర్యుడు మాత్రం దాదాపు ఒకే వేళకు వస్తాడు.

ప్రామాణిక సమయాన్ని నిర్వహించే న్యూఢిల్లీలోని సీఎస్‌ఐఆర్-నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు 2018లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ఒక ప్రతిపాదన ప్రచురించారు. దేశానికి రెండు కాల మండలాలు ఉండాలని, ఈశాన్య రాష్ట్రాలకూ అండమాన్ నికోబార్ దీవులకూ గంట ముందుండే సమయం ఇవ్వాలని అందులో సూచించారు. పగటి వెలుతురు వృథా కాకుండా ఉంటుందని, విద్యుత్తు ఆదా అవుతుందని వారి వాదన. దేశమంతా ఇప్పటికీ ఒకే సమయాన్ని పాటిస్తోంది. ఒకవేళ గడియారం మారినా ఇక్కడి సూర్యుడి వేళ మారదు. సవరణ లెక్క మాత్రం అప్పుడూ తప్పదు.

ముహూర్తం నుంచి వెనక్కి

స్థానిక ముహూర్తం 8:36 అని తేలాక పట్టిక వేయడం తేలిక. భారీ కర్మాగారాల పనులను సకాలంలో పూర్తిచేయడానికి 1950ల చివర్లో అమెరికాలో డ్యూపాంట్ సంస్థకు చెందిన మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ రాండ్‌కు చెందిన జేమ్స్ కెల్లీ ఒక పద్ధతిని రూపొందించారు. దాన్ని ‘క్రిటికల్ పాత్’ అంటారు. ఏ పని తర్వాత ఏ పని జరగాలో గొలుసులా రాసుకుని, అన్నిటికంటే పొడవైన గొలుసు ఏదో గుర్తించాలి. ఆ గొలుసులో పది నిమిషాలు జారితే మొత్తం పది నిమిషాలు జారుతుంది. మిగతా పనుల్లో కొంత వెసులుబాటు ఉంటుంది.

పెళ్లిలో ఆ పొడవైన గొలుసు ఎక్కువగా పెళ్లికూతురి చుట్టూ ఉంటుంది. ఇంటి ఆచారాలను బట్టి వరుస మారవచ్చు గానీ, ఫిబ్రవరి 11 ఉదయానికి ఒక నమూనా ఇలా ఉంటుంది.

4:15 – పెళ్లికూతురి మంగళస్నానం
4:45 నుంచి 6:45 – అలంకరణ
5:42 – సూర్యోదయం
6:15 – బంధువులకు టిఫిన్లు మొదలు
6:30 – మగపెళ్లివారి ఎదురుకోలు
7:00 – ఒకపక్క గౌరీపూజ, మరోపక్క గణపతి పూజ, వరపూజ
7:45 – మేనమామ పెళ్లికూతుర్ని గంపలో తీసుకురావడం, తెరసెల్లా
7:55 నుంచి 8:15 – కన్యాదానం
8:15 నుంచి 8:35 – వెసులుబాటు
8:36 – జీలకర్ర-బెల్లం
ఆ తర్వాత – మాంగల్యధారణ, తలంబ్రాలు
10:30 – మొదటి బంతి

ఇందులో అలంకరణ, పెళ్లికూతుర్ని తీసుకురావడం, కన్యాదానం ఒకదాని వెనక ఒకటి జరగాల్సినవి. టిఫిన్లు ఆలస్యమైతే బంధువులు విసుక్కుంటారు గానీ ముహూర్తం తప్పదు. అలంకరణ ఆలస్యమైతే తప్పుతుంది. కాబట్టి సాయానికి ఇంకొకరిని పెట్టాల్సింది టిఫిన్ల దగ్గర కాదు, అలంకరణ దగ్గర.

ఆలస్యానికీ గణితం ఉంది

‘అందరూ టైముకే వస్తారులే’ అనుకోవడం మనిషి సహజ గుణం. ఎంత సమయం పడుతుందో అంచనా వేసేటప్పుడు మనం తరచుగా తక్కువగా అంచనా వేస్తామని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, ఏమోస్ ట్వర్‌స్కీ 1979లో వివరించారు. అంతకుముందు ఎన్నిసార్లు ఆలస్యమైందో తెలిసినా ఈసారి అలా జరగదని అనుకుంటాం.

చిన్న లెక్క చూడండి. పురోహితుడు, మేళగాళ్లు, అలంకరణ చేసేవారు, మగపెళ్లివారి బస్సు, ఫొటోగ్రాఫర్ అని అయిదు పక్షాలున్నాయి. ఒక్కొక్కరూ సమయానికి వచ్చే అవకాశం 90 శాతం అనుకుందాం. అయిదుగురూ సమయానికి ఉండే అవకాశం ఎంత? 0.9ని అయిదుసార్లు హెచ్చవేస్తే 0.59. అంటే 59 శాతమే. ఒక్కొక్కరు నమ్మకస్తులే అయినా, అయిదు పెళ్లిళ్లలో రెండింట ఎవరో ఒకరి కోసం ఎదురుచూపులు తప్పవు.

దీనికి విరుగుడు ప్రతి పనికీ పదేసి నిమిషాలు అదనంగా కలపడం కాదు. అలా కలిపిన సమయం ఆ పనిలోనే ఖర్చైపోతుంది. ఆ నిమిషాలన్నీ పోగుచేసి, జరపడానికి వీల్లేని క్షణానికి ముందు ఒకేచోట ఉంచాలి. పై పట్టికలో 8:15 నుంచి 8:35 వరకు ఖాళీ ఉన్నది అందుకే. మన పెళ్లితంతులో దీనికి తగిన ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. మంగళాష్టకాలను అవసరాన్ని బట్టి పొడిగించవచ్చు, కుదించవచ్చు. ముహూర్త క్షణం వచ్చేదాకా పురోహితుడు చదువుతూనే ఉంటారు. ఆలస్యమైతే ఆ శ్లోకాల సమయమే ఆదుకుంటుంది.

ఎండ, వంట, వెలుతురు

లగ్నంతో నిమిత్తం లేని పనులకు కూడా స్థానిక సూర్యుడే దిక్కు. ఫిబ్రవరి 11న శ్రీ విజయపురంలో మిట్టమధ్యాహ్నం 11:33కి. ఏప్రిల్ 21, ఆగస్టు 22 ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిలువుగా పాతిన రాటకు ఆ క్షణంలో నీడ పడదు. ఏప్రిల్‌లో అది సుమారు 11:18కి జరుగుతుంది. హైదరాబాద్ అలవాటుతో ‘పదకొండింటికి ఇంకా ఎండ ముదరదు’ అనుకుని ఊరేగింపు పెట్టుకుంటే నడినెత్తి ఎండలో నడవాల్సి వస్తుంది.

సాయంత్రం ఫొటోలదీ ఇదే కథ. నవంబరు మధ్యలో ఇక్కడ 4:51కే పొద్దుగూకుతుంది. మెత్తని బంగారు వెలుతురు కావాలంటే నాలుగింటికే కెమెరా సిద్ధంగా ఉండాలి. అయిదున్నరకు రమ్మన్న ఫొటోగ్రాఫర్‌కు దొరికేది చీకటే.

వంట విషయంలో తేమ, వేడి రెండూ చూడాలి. వండిన ఆహారంలో సూక్ష్మజీవులు వేగంగా పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య. దీవుల వాతావరణం ఏడాదంతా ఆ హద్దుల్లోనే ఉంటుంది. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గది వేడిమిలో అన్నం గంటలకొద్దీ ఉంటే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోకపోవచ్చు. అందుకే వండినవి 60 డిగ్రీల పైన వేడిగా ఉంచాలి, లేదా రెండు గంటల్లోపు వడ్డించేయాలి. మొదటి బంతి 10:30కి అయితే అన్నం తెల్లవారుజామునే వార్చి గుట్టపోయనక్కర్లేదు. బంతి బంతికీ విడివిడిగా వండించడం మేలు.

వానల సంగతి మరవకూడదు. శ్రీ విజయపురంలో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. కేరళకు జూన్ 1 ప్రాంతంలో చేరే నైరుతి రుతుపవనాలు అండమాన్ సముద్రంలోకి మే నెలలోనే వచ్చేస్తాయి. ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానుల కాలం డిసెంబరు దాకా ఉంటాయి. మాఘ, ఫాల్గుణ మాసాల్లో ఆకాశం తెరిపిగా ఉంటుంది. జ్యేష్ఠంలో, కార్తికంలో పెళ్లయితే ఆరుబయట పందిరి మీద మాత్రమే ఆధారపడకూడదు.

అరుంధతి ఎప్పుడు కనిపిస్తుంది?

పెళ్లిలో కొత్త దంపతులకు చూపించే అరుంధతి, వశిష్ఠులు సప్తర్షి మండలంలోని జంట నక్షత్రాలు. ఆధునిక ఖగోళశాస్త్రంలో వాటి పేర్లు ఆల్కార్, మైజార్. భూమికి సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. ఇవి ఉత్తరాకాశంలో ఉంటాయి. దక్షిణానికి వెళ్లేకొద్దీ ఆకాశంలో కిందికి దిగుతాయి. శ్రీ విజయపురం నుంచి చూస్తే ఇవి ఎక్కువలో ఎక్కువ 47 డిగ్రీల ఎత్తుకే వస్తాయి. రోజులో కొంతసేపు క్షితిజం కిందికి కూడా వెళ్తాయి.

మే నెల పెళ్లికి ఇబ్బంది లేదు. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో అవి ఉత్తరాన నిలువుగా సగం ఎత్తులో కనిపిస్తాయి. ఫిబ్రవరి 11న ఎనిమిది దాటాక ఈశాన్యంలో పైకొస్తాయి, బాగా కనబడాలంటే పది దాటాలి. నవంబరు మధ్యలో అయితే అర్ధరాత్రి దాటి రెండింటి వేళకు గానీ ఉదయించవు. పగటి పెళ్లిలో పురోహితుడు ఆకాశం వైపు చేయి చూపించేది ఆచారంగా మాత్రమే. నిజంగా చూడాలనుకునే జంట ఆ రాత్రి ఏ వేళకు డాబా ఎక్కాలో ముందే తెలుసుకోవచ్చు.

సముద్రం ఇచ్చిన గడువులు

గడియారం ప్రకారం నడిచేవాటిలో ప్రయాణాలే కీలకం. విశాఖ నుంచి ఓడలో వస్తే రెండున్నర నుంచి మూడు రోజులు పడుతుంది. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఇంకా ఆలస్యం కావచ్చు. ఓడలో వచ్చే పెద్దవాళ్లను పెళ్లికి ముందురోజు దిగేలా కాక కనీసం రెండు మూడు రోజుల ముందే దిగేలా రప్పించడం క్షేమం. స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్‌ల నుంచి వచ్చే చుట్టాలు దీవుల మధ్య తిరిగే నౌకలను బట్టే రాకపోకలు పెట్టుకోవాలి.

రంగత్, మాయాబందర్, డిగ్లిపూర్ వైపు నుంచి రోడ్డు మీద వచ్చేవారికి మరో గడువు ఉంది. అండమాన్ ట్రంక్ రోడ్డు జరావాల అభయారణ్యం గుండా వెళ్తుంది. అక్కడ వాహనాలను పగటిపూట, నిర్ణీత వేళల్లో, కాన్వాయ్‌గా మాత్రమే పంపుతారు. ఒక కాన్వాయ్ తప్పితే తర్వాతి దాని కోసం ఆగాలి. చివరిది తప్పితే మర్నాడే. ఉదయం 8:36 ముహూర్తానికి ఆ దారిన అదే రోజు బయల్దేరి రావడం కుదరదు. వాళ్లకు ముందురోజు రాత్రి బస ఏర్పాటు చేయడం పట్టికలో మొదటి పంక్తి కావాలి. తిరుగు ప్రయాణం కూడా ఆ వేళలకే కట్టుబడి ఉంటుంది కాబట్టి వారికి మొదటి బంతిలోనే విస్తరి వేయాలి.

శరీరానికీ ఒక గడియారం ఉంది. నిద్ర, మెలకువలను నడిపించే ఆ లోపలి గడియారాన్ని ముఖ్యంగా వెలుతురే సరిచేస్తుంది. హైదరాబాద్ నుంచి వచ్చినవారికి ఇక్కడ దాదాపు గంట ముందే తెల్లవారుతుంది, గంట ముందే చీకటి పడుతుంది. చేతిగడియారం మారదు గనుక ఆ తేడా గమనించరు. రెండు రోజులు ముందుగా వచ్చి ఇక్కడి ఉదయపు వెలుతురులో తిరిగినవారికి తెల్లవారుజామున నాలుగింటికి లేవడం కాస్త తేలికవుతుంది.

పంతులుగారిని అడగాల్సిన ప్రశ్నలు

ముహూర్తం పెట్టించుకునేటప్పుడు తేదీ, జాతకాలతో పాటు పెళ్లి జరిగే ఊరి పేరు కూడా చెప్పాలి. ‘పంతులుగారూ, ఈ లగ్నం ఏ ఊరికి కట్టారు?’ అని మర్యాదగా అడగడంలో తప్పులేదు. చాలామంది పురోహితులు ఇప్పుడు కంప్యూటర్ ద్వారా లెక్క చూస్తున్నారు. అందులో ఊరు మార్చడం క్షణాల పని. అమెరికాలోని తెలుగువారు తమ ఊరి లెక్కతో పంచాంగం చూసుకోవడం ఎప్పుడో అలవాటు చేసుకున్నారు. అక్కడ గడియారమే వేరు కాబట్టి తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అండమాన్‌లో గడియారం ఒకటే కావడం వల్ల తేడా కనబడకుండా దాగి ఉంటుంది.

అచ్చు పంచాంగం వాడితే దాని తొలి పేజీల్లో ఏ ఊరి సూర్యోదయం ఇచ్చారో చూడాలి. కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ తెలుగుతో సహా పలు భాషల్లో రాష్ట్రీయ పంచాంగాన్ని ప్రచురిస్తుంది. మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పాటైన పంచాంగ సంస్కరణ సంఘం సిఫార్సుల నుంచి పుట్టిన పంచాంగమిది. దాని లెక్కలకు కేంద్ర స్థానం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అందులోని తిథి, నక్షత్రాల ముగింపు వేళలు దేశమంతటికీ పనికొస్తాయి. లగ్నానికి, సూర్యోదయానికి మాత్రం ఊరి సవరణ చేసుకోవాలి. దృక్ పద్ధతి, పూర్వ పద్ధతి పంచాంగాల మధ్య తిథి వేళల్లో తేడాలుంటాయి కాబట్టి ఇరుపక్షాల పురోహితులు ఒకే పద్ధతి పంచాంగాన్ని చూస్తున్నారో లేదో ముందే మాట్లాడుకుంటే పీటల మీద వాదన ఉండదు.

సవరించిన సమయాన్ని పంచుకోవడం చివరి పని. విశాఖలో ఉన్న పెదనాన్నకు 9:12 అని, గోల్ ఘర్‌లో ఉన్న మేనమామకు 8:36 అని రెండు అంకెలు తిరుగుతుంటే పాత లెక్క పట్టుకున్నవారు తలంబ్రాలు అయ్యాక వస్తారు. అందుకే శుభలేఖలో ఒకే పంక్తి ఉండాలి: ‘శ్రీ విజయపురం స్థానిక గణన ప్రకారం, భారత ప్రామాణిక సమయం ఉదయం 8:36 గంటలకు మీనలగ్నమందు’. ఊరి పేరు, గడియారం పేరు, లగ్నం పేరు మూడూ ఆ పంక్తిలోనే ఉంటాయి కాబట్టి సముద్రానికి ఏ ఒడ్డున ఉన్నవారికైనా అనుమానం మిగలదు.